చక్కెర తగ్గిస్తే పుల్ల ఐసు రాయెందుకవుతుంది?

క్లుప్తంగా: ఇంట్లో చేసే ఐసులో చక్కెర తీపినిచ్చి ఊరుకోదు, ఐసును పంటికి లొంగేలా ఉంచేదీ అదే. దాన్ని ఊరికే తీసేస్తే గట్టి మంచుగడ్డ మిగులుతుంది. దాని పనిని పండు గుజ్జుకో, మరగకాచిన పాలకో, ఉడికిన పిండికో అప్పగిస్తే తీపి తగ్గినా ఐసు మెత్తగానే వస్తుంది. ఎండలో బిడ్డ ఒంటికి ఐసు చేసే మేలు దాని చల్లదనం కంటే అందులోని నీళ్ల వల్లే ఎక్కువ.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం మాడే ఎండలో ఇంటికొచ్చిన పిల్లలకు చల్లగా ఏదో ఒకటి కావాలి. వీధిలో ఐసు డబ్బా గంట వినిపిస్తుంది. ఆ రంగు ఏమిటో, ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు కాబట్టి చాలా ఇళ్లలో అచ్చులు కొని సొంతంగా చేయడం మొదలుపెడతారు. పుచ్చకాయ రసం తీసి, చక్కెర వేయకుండా, అచ్చుల్లో పోసి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచుతారు. తెల్లారి తీస్తే అది పంటికి లొంగదు. పిల్లలు నాలుగుసార్లు చీకి, రంగూ రుచీ లాగేసి, తెల్లబడిన మంచుముక్కను గిన్నెలో వదిలేస్తారు. మర్నాడు అదే ఐసులో నాలుగు చెంచాల చక్కెర పడుతుంది. ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన పని ఇలా మొదటికొస్తుంది. ఇందులో చేసినవాళ్ల తప్పేమీ లేదు, నీళ్లు గడ్డకట్టే తీరే అంత.

తెల్లబడిన ఐసు చెప్పే సంగతి

నీళ్లు గడ్డకట్టేటప్పుడు మంచు పలుకుల్లోకి నీళ్లే చేరతాయి. చక్కెర, ఉప్పు, పులుపు, రంగు అన్నిటినీ ఆ పలుకులు పక్కకు నెట్టేస్తాయి. దాంతో ఇంకా గట్టిపడని నీళ్లలో చక్కెర చిక్కబడుతుంది. చిక్కబడిన కొద్దీ ఆ నీళ్లు గడ్డకట్టడానికి మరింత చలి కావాలి. చివరికి పలుకుల మధ్య సందుల్లో చిక్కటి పాకం గట్టిపడకుండా మిగిలిపోతుంది. పిల్లలు చీకినప్పుడు ముందుగా వచ్చేది ఆ పాకమే. రంగూ రుచీ అందులోనే ఉంటాయి కాబట్టి, అది పోయాక మిగిలేది ఉత్త మంచు.

ఐసు కొరకడానికి వీలుగా ఉండేది కూడా ఈ పాకం వల్లే. పలుకుకూ పలుకుకూ మధ్య అది మెత్తటి పొరలా నిలుస్తుంది. నూటికి 10 పాళ్లు చక్కెర ఉన్న మిశ్రమాన్ని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే, మొత్తంలో సుమారు ఏడో వంతు పాకంగానే ఉండిపోతుంది. చక్కెరను సగానికి తగ్గిస్తే ఈ పాకమూ సగమవుతుంది. అసలు లేకపోతే పలుకులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే దిమ్మ అవుతాయి. పుచ్చకాయలో సహజంగా ఉండే చక్కెర నూటికి 6 పాళ్లే. నీళ్లు 91 పాళ్లకు పైనే. ఉత్త రసం గడ్డకడితే అంత గట్టిగా తయారవడానికి కారణం ఈ లెక్కే.

ఇదే లెక్క ద్రాక్షలో మరోలా పనిచేస్తుంది. మామూలు చక్కెర అణువు పెద్దది. గ్లూకోజు, ఫ్రక్టోజు అణువులు దానిలో దాదాపు సగం. నీళ్లను గడ్డకట్టనివ్వకుండా ఆపేది అణువుల లెక్కే కాబట్టి, ఒకే బరువులో గ్లూకోజు, ఫ్రక్టోజులు మామూలు చక్కెరకు దాదాపు రెట్టింపు పని చేస్తాయి. ద్రాక్షలో ఉన్నవి ప్రధానంగా ఈ రెండే, అవీ నూటికి 15 పాళ్ల దాకా. అందుకే ఫ్రీజర్‌లో పెట్టిన ద్రాక్షపండు రాయిలా మారకుండా పంటికి మెత్తగా తెగుతుంది.

చక్కెర బదులు వాడే స్టీవియా వంటి తీపి చుక్కలు ఇక్కడ ఎందుకు పనికిరావో కూడా దీనితో తేలిపోతుంది. రెండు చుక్కలతో తీపి వస్తుంది గానీ, పాకం ఏర్పడడానికి కావలసినంత పదార్థం ఉండదు. ఐసు తియ్యటి రాయి అవుతుంది. పైగా బరువు తగ్గడం కోసం ఇలాంటి తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆ సూచన పిల్లలకూ వర్తిస్తుంది.

చల్లటి నాలుకకు తీపి తెలియదు

చక్కెర పెరిగిపోవడానికి ఇంకో కారణం నాలుకలో ఉంది. తీపిని గుర్తించే కణాలు చలిలో మందగిస్తాయి. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ నోట్లో పెట్టుకుంటే వెగటుగా అనిపించడం చాలామందికి అనుభవమే. గడ్డగా ఉన్నప్పుడు హాయిగా అనిపించిన తీపే కరిగాక ఎక్కువైపోతుంది. అందుకని మిశ్రమాన్ని గది వేడిలో రుచి చూసి ‘సరిపోయింది’ అనుకుంటే, గడ్డకట్టాక చప్పగా తోస్తుంది. దుకాణాల్లో దొరికే ఐసుల్లో చక్కెర అంత ఉండడానికి సగం కారణం ఇది.

పులుపుకు ఇంత ఇబ్బంది లేదు. నిమ్మరసం, యాలకుల పొడి, పుదీనా, చిటికెడు ఉప్పు పడితే ఉన్న తీపే ఎక్కువగా తెలుస్తుంది. శ్రీరామనవమి పానకంలో మిరియాలు, యాలకులు చేసే పని ఇదే. పానకాన్ని కొంచెం పలచగా కలిపి, నిమ్మరసం పిండి అచ్చుల్లో పోస్తే మామూలుగా వేసే బెల్లంలో మూడింట రెండు వంతులతోనే రుచి నిలుస్తుంది.

బెల్లం, తేనె లెక్కలోకి రావా?

80 మిల్లీలీటర్ల అచ్చులో నూటికి 15 పాళ్ల చక్కెర ఉన్న మిశ్రమం పోస్తే, ఒక్కో ఐసులో 12 గ్రాములు, అంటే మూడు చెంచాల చక్కెర ఉంటుంది. బయటి నుంచి కలిపే చక్కెరల వల్ల వచ్చే శక్తి మొత్తం ఆహార శక్తిలో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1,400 కేలరీలు తినే అయిదారేళ్ల బిడ్డకు 10 శాతం అంటే 35 గ్రాములు, 5 శాతం అంటే 17 గ్రాముల పైచిలుకు. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి ఐసు తింటే 24 గ్రాములు అక్కడే అయిపోతాయి. పొద్దున పాలలో వేసింది, బిస్కట్లలో ఉన్నది వేరే.

ఈ లెక్కలో బెల్లం, తేనె, తాటిబెల్లం, పండ్ల రసం అన్నీ వస్తాయి. ‘చక్కెర వేయలేదు, బెల్లమే వేశాం’ అనే ధీమా ఇక్కడ నిలవదు. బెల్లంలో ఎక్కువ భాగం మామూలు చక్కెరే. దానిలోని ఇనుము వంటివి ఐసులో పడే రెండు చెంచాలతో బిడ్డకు చెప్పుకోదగ్గంత అందవు. బెల్లానికి ఉన్న నిజమైన సుగుణం రుచి. ఆ రుచి ఘాటుగా ఉంటుంది కాబట్టి తక్కువతో సరిపెట్టుకోవచ్చు. కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉండడంతో ఐసు కాస్త మెత్తబడుతుంది. పాల ఐసులో వేసేటట్లయితే పాలు పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి మీద వేస్తే పాలు విరుగుతాయన్నది పరమాన్నం వండేవాళ్లందరికీ తెలిసిందే. తేనె మాత్రం ఏడాది నిండని బిడ్డకు ఏ రూపంలోనూ పెట్టకూడదు. అందులో ఉండగల బాక్టీరియా బీజాలు పసి పేగుల్లో ప్రమాదకరమైన విషాన్ని తయారు చేయగలవు.

పండును కొరికి తింటే అందులోని చక్కెర ఈ పరిమితిలోకి రాదు, రసం తీసి వడకడితే వస్తుంది. మిక్సీలో మెత్తగా తిప్పిన గుజ్జు ఈ రెండింటికీ మధ్యలో ఉంది. పీచు పోదు గనుక రసం కంటే నయం, ఎక్కువ పండు సులువుగా లోపలికి పోతుంది గనుక కొరికి తిన్నదానితో సమానమూ కాదు. వడకట్టకపోవడం ఆరోగ్యానికీ, ఐసు మెత్తదనానికీ రెండిందాలా లాభమే. దానికి కారణం తర్వాతి భాగంలో ఉంది.

గుజ్జు, మీగడ, గంజి

చక్కెర చేసే పనిని కొంతవరకు పంచుకోగలిగినవి మూడున్నాయి. ఈ మూడూ తెలుగు వంటింట్లో ఎప్పటి నుంచో ఉన్నవే.

మొదటిది పండు గుజ్జు. మామిడి, అరటి వంటి వాటిలో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థం, సన్నటి పీచు నీళ్లను పట్టి ఉంచి చిక్కబరుస్తాయి. చిక్కటి ద్రవంలో నీటి అణువులు చప్పున కదిలి పెద్ద పలుకులుగా పోగవలేవు. పలుకులు చిన్నవైతే నాలుకకు గరుకుదనం తెలియదు. మామిడిలో చక్కెర సుమారు 14 శాతం ఉంటుంది కాబట్టి పాకమూ దానంతటదే ఏర్పడుతుంది. పండిన బంగినపల్లి గుజ్జు 300 గ్రాములు, నీరు వడిసిపోయిన గడ్డపెరుగు 200 గ్రాములు కలిపి ఆరు అచ్చుల్లో పోస్తే, చెంచా చక్కెర వేయకుండానే కొరకగలిగిన ఐసు వస్తుంది. ఒక్కోదానిలో మామిడి నుంచి వచ్చే చక్కెర ఏడు గ్రాములు. చిన్న రసాలు, పెద్ద రసాలైతే పీచు ఎక్కువ కాబట్టి మిక్సీలో ఇంకాసేపు తిప్పాలి. అరటిది మరో దారి. బాగా మాగిన చక్కెరకేళినో అమృతపాణినో చక్రాలుగా కోసి గడ్డకట్టించి, తర్వాత మిక్సీలో తిప్పితే అదే మీగడలా నురగలు కడుతుంది. అచ్చు, పుల్ల కూడా అక్కర్లేదు. తిప్పేటప్పుడు పలుకులు విరగడం, గాలి చేరడం రెండూ జరుగుతాయి. కంపెనీల ఐస్‌క్రీమ్ మెత్తదనంలో పెద్ద వాటా ఈ గాలిదే. ఇంట్లో అచ్చులో పోసి వదిలేసిన ఐసులో అది ఉండదు.

పుచ్చకాయను ఒంటరిగా గడ్డకట్టించే కంటే దానిలో మూడో వంతు ద్రాక్ష గుజ్జో, అరటి గుజ్జో కలపడం మేలు. నీళ్లు ఎక్కువ, చక్కెర తక్కువ ఉన్న కర్బూజాకూ, కొబ్బరినీళ్లకూ ఇదే వర్తిస్తుంది. కొబ్బరినీళ్లలో లేత కొబ్బరి మిక్సీలో తిప్పి కలిపితే దానిలోని కొవ్వు ఐసును మెత్తబరుస్తుంది. పండు ఏదో తెలిసేలా కొన్ని ముక్కలు వేయాలనుకుంటే అవి సన్నగా ఉండాలి. మామూలుగా కోసిన పుచ్చకాయ ముక్క గడ్డకట్టాక గులకరాయే.

రెండోది పాలు. ఈ విషయంలో తెలుగువాళ్లకు గేదె పాలు ఒక వరం. లీటరు గేదె పాలలో వెన్న 6 నుంచి 7 శాతం ఉంటుంది. సన్నని సెగ మీద సగం అయ్యేదాకా మరగకాస్తే అది 13 శాతం చేరుతుంది. ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టాలంటే పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలని భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ నిబంధన. అంటే మరగకాచిన గేదె పాలు ఆ గీటును దాటేసినట్టే. పాలలోని సహజ చక్కెర కూడా 5 శాతం నుంచి 10 శాతానికి చిక్కబడుతుంది. అది అంత తియ్యగా ఉండదు గానీ, మామూలు చక్కెర అంత బరువైన అణువే కాబట్టి గడ్డకట్టకుండా ఆపడంలో దానితో సమానంగా పనిచేస్తుంది. కుల్ఫీని కలియబెట్టకుండానే గడ్డకట్టించినా గరగరలాడకపోవడం ఈ రెండింటి వల్లే. రెండు ఖర్జూరాలు, యాలకుల పొడి వేస్తే తీపి సరిపోతుంది. మరీ కోవాలా దగ్గరకు కాస్తే మాత్రం పాల చక్కెరే ఇసుకలా పలుకులు కడుతుంది. ఇంత చిక్కటిది 60 గ్రాములు తింటే వంద కేలరీలు దాటుతాయి. దాన్ని దాహం తీర్చే ఐసుగా చూడకుండా సాయంత్రం ఫలహారంగా లెక్కపెట్టాలి. బక్కపలచటి పిల్లలకు ఇదే అనుకూలం.

దుకాణాల్లో ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని రాసి ఉండేదానిలో పాల కొవ్వు బదులు మొక్కల నుంచి తీసిన నూనెలు ఉంటాయి. రెండూ ఒకే పెట్టెలో పక్కపక్కన ఉండడంతో చాలామందికి ఈ తేడా తెలియదు.

మూడోది పిండి. పల్లెల్లో సైకిలు మీద అమ్మే సేమియా ఐసు ఈ సూత్రం మీద నిలబడిందే. ఉడికిన సేమియా నుంచి వచ్చే గంజి నీళ్లను చిక్కబరిచి, తక్కువ పాలతో కూడా ఐసు మెత్తగా ఉండేలా చేస్తుంది. అదే పని సగ్గుబియ్యం జావతోనూ, రాగి జావతోనూ అవుతుంది. చారెడు రాగి పిండిని రెండు గ్లాసుల పాలలో ఉండ కట్టకుండా కాచి, చల్లార్చి, ఒక అరటిపండు కలిపి తిప్పితే చాకొలెట్ రంగులో ఐసు తయారవుతుంది. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. జావ తాగమంటే పారిపోయే పిల్లలు పుల్లకు అంటించి ఇస్తే తినడం ఇందులో అదనపు లాభం. పిండి పచ్చిగా ఉండకూడదు. బాగా ఉడికితేనే నీళ్లను పట్టుకుంటుంది, కడుపుకూ పడుతుంది.

ఫ్రీజర్ ఎంత తొందరపడితే అంత మేలు

మెల్లగా గడ్డకట్టే నీళ్లలో కొన్ని పెద్ద పలుకులు, త్వరగా గడ్డకట్టే నీళ్లలో లెక్కలేనన్ని చిన్న పలుకులు ఏర్పడతాయి. ఒకే తలుపు ఉన్న ఫ్రిజ్‌లోని ఐసు అర అన్ని ఇళ్లలో ఒకేలా చల్లబడదు. దాని మీద ఉండే నక్షత్రం గుర్తులు ఒకటైతే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18 డిగ్రీలు. ఒకే మిశ్రమం ఒక ఇంట్లో కుదిరి మరో ఇంట్లో చెడడానికి ఇది పెద్ద కారణం.

అచ్చులు సన్నగా ఉంటే మంచిది. ప్లాస్టిక్ అచ్చు కంటే పలచటి స్టీలు గ్లాసు వేడిని త్వరగా వదులుతుంది. మిశ్రమాన్ని ముందు ఫ్రిజ్‌లో గంటసేపు చల్లబరిచి, తర్వాత ఫ్రీజర్ అడుగుకు ఆనేలా పెట్టాలి. గోడలకు మంచు మందంగా పేరుకుంటే అది కంబళిలా అడ్డుపడుతుంది. వెడల్పాటి గిన్నెలో చేసేటప్పుడు అరగంటకోసారి ఫోర్కుతో కలియబెడితే పలుకులు చిన్నగానే ఉంటాయి. వేసవిలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చిన్న పలుకులు కరిగి, మళ్లీ గడ్డకట్టేటప్పుడు పెద్దవాటికి అతుక్కుంటాయి. వారం కిందటి ఐసు గరగరలాడేది అందుకే. నాలుగు రోజుల్లో అయిపోయేంతే చేసుకోవడం దీనికి విరుగుడు.

ఒళ్లు చల్లబరిచేది ఐసా, చెమటా?

60 గ్రాముల ఐసు కరిగి, ఒంటి వేడికి వచ్చేసరికి శరీరం నుంచి సుమారు 7 కిలోకేలరీల వేడిని పీల్చుకుంటుంది. ఒంటి మీద 13 మిల్లీలీటర్ల చెమట, అంటే పెద్ద చెంచాడు కూడా కాదు, ఆరిపోతే పోయే వేడి కూడా ఇంతే. అదే ఐసులోని నీళ్లు మొత్తం చెమటగా మారి ఆరితే 35 కిలోకేలరీల దాకా పోతుంది. ఐసు చల్లదనం చేసే మేలు కంటే దాని నీళ్లు చేసే మేలు దాదాపు అయిదు రెట్లు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. నోట్లో చలి తగలగానే మెదడు దాహం తీరిందనుకుంటుంది. ఒంట్లోకి చాలినన్ని నీళ్లు చేరకముందే దప్పిక తగ్గిపోతుంది. ఆడుకుని వచ్చిన బిడ్డ ఐసు తిని నీళ్లు తాగకుండా మళ్లీ ఎండలోకి పరుగెత్తితే, లోటు అలాగే ఉండిపోతుంది. ఐసుకు ముందు ఒక గ్లాసు నీళ్లో, ఉప్పేసిన మజ్జిగో ఇవ్వమనడంలో అర్థం ఇదే. విజయవాడ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్లలో చెమట కారిపోతుందే గానీ ఆరదు. రామగుండం, నిజామాబాద్ వైపు పొడి గాలికి చెమట కనపడకుండానే ఆరిపోతుంది కాబట్టి నీళ్లు ఎంత పోయాయో తెలియదు. రెండు చోట్లా ప్రమాదం ఉంది, వచ్చే దారి వేరు.

ఐసు తింటే జలుబు చేస్తుందన్న భయం మాత్రం అనవసరం. జలుబు తెచ్చేది వైరస్.

గడ్డకడితే క్రిములు చావవు

ఇంట్లో చేసిందన్న నమ్మకం ఒక జాగ్రత్తను మరిపిస్తుంది. ఫ్రీజర్ క్రిములను నిద్రపుచ్చుతుంది, చంపదు. అమెరికాలో 1994లో ఐస్‌క్రీమ్ వల్ల సాల్మొనెల్లా అనే క్రిమి లక్షల మందికి సోకిందని అంచనా. పచ్చి గుడ్ల సొన మోసిన ట్యాంకర్లలోనే తర్వాత ఐస్‌క్రీమ్ మిశ్రమాన్ని తరలించడం దానికి కారణమని తేలింది. గడ్డకట్టించినా ఆ క్రిమి చావలేదు. పచ్చి గుడ్డు వేసే వంటకాలు పిల్లల ఐసులకు వద్దు. నీళ్లు కాచి చల్లార్చాలి, పాలు పొంగించాలి, పండ్లు కోయకముందే కడగాలి. పుచ్చకాయ తొక్క తినం కదా అని కడగకపోతే, కత్తి ఆ తొక్క మీది మురికిని లోపలికి తీసుకెళ్తుంది. ఒకసారి కరిగిన ఐసును మళ్లీ గడ్డకట్టించడం కంటే పారబోయడం నయం.

నాలుగైదేళ్ల లోపు పిల్లలకు పూర్తి ద్రాక్షలు, జీడిపప్పు, బాదం పలుకులు, గడ్డకట్టిన పండు ముక్కలు గొంతుకు అడ్డం పడే వస్తువులు. ద్రాక్షను నిలువునా నాలుగుగా చీల్చాలి, గింజపప్పులు పొడి చేయాలి. పుల్ల నోట్లో ఉండగా పరుగెత్తనివ్వకూడదు.

ఓఆర్‌ఎస్ పేరుతో వచ్చిన తికమక

విరేచనాలు, వాంతులతో నీరసించిన బిడ్డకు పైన చెప్పిన ఐసులేవీ సరిపోవు. అక్కడ కావలసింది కొలత తప్పని ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు, అంటే ఓఆర్‌ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం క్లోరైడు, సిట్రేటు ఉంటాయి. చక్కెర ఇంతకంటే బాగా ఎక్కువైతే అది పేగుల్లోకి నీళ్లను లాగి విరేచనాలను పెంచుతుంది. తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ అన్న పేరు తగిలించుకుని మందుల దుకాణాల్లో అమ్ముడవడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఆ అక్షరాలు వాడరాదని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

అసలైన ఓఆర్‌ఎస్‌ను తాగడానికి మొరాయించే పిల్లలకు దాన్నే ఐసు చేసి ఇవ్వవచ్చు. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, ఏమీ చేర్చకుండా చిన్న అచ్చుల్లో పోయాలి, 24 గంటల్లో వాడేయాలి. చప్పరించడం వల్ల కొద్దికొద్దిగా లోపలికి పోతుంది కాబట్టి వాంతి అయ్యే అవకాశమూ తక్కువ. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మగతగా ఉన్న బిడ్డ నోట్లో మాత్రం ఐసు గానీ నీళ్లు గానీ పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.